జిగురు ఆరేదాకా

పైన విశ్వవిద్యాలయం, కింద మొండేగు నది,
మధ్యలో మెట్లు మలుపు తిరిగే చోట
మా బైండింగు కొట్టు.
జూన్ వచ్చిందంటే కోయింబ్రాలో
పిల్లలు రొప్పుతూ దిగుతారు,
చంకలో ఐదేళ్ల నిద్ర కాగితాల కట్టగా.
అందరిదీ ఒకటే మాట: రేపటికి కావాలి.

వైద్యానికి పసుపు గుడ్డ, న్యాయానికి ఎరుపు,
సైన్సుకి లేత నీలం, కళలకి ముదురు నీలం.
నేను చదివింది నాలుగో తరగతి.
అయినా నలభై ఏళ్లుగా
డాక్టరేట్లన్నీ నా ఒళ్లో కాసేపు కూర్చునే వెళ్లాయి.

వెన్ను కుట్టేటప్పుడు కళ్లు ఊరుకోవుగా.

ఒకమ్మాయి ఆరేళ్లు శ్మశానంలో మోకాళ్ల మీద కూర్చుని
సమాధి రాళ్ల మీది పాచిని కొలిచింది.
ఏడాదికి గోరంచంత, అని తేల్చింది.
నది దారి మార్చుకుంటే పాత ఇసుక ఎవరిదని
ఒకతను మూడు వందల పేజీలు వాదించాడు.
నది ఇంకా జవాబివ్వలేదు.
ఇంకొకడు, ఎల్జియారియో అని బక్కపలచటి కుర్రాడు,
ఒక మఠం గోడ మీద, నీలి పలకల్లో
దేవదూతకి రెండూ ఎడమ చేతులే ఎందుకున్నాయని రాశాడు.
ఇందుకా ఉపకార వేతనం! నవ్వుకున్నాను.
పగిలిన పలక స్థానంలో చేతికందింది అతికించారట,
అంతే, రహస్యమేమీ లేదట.
ఆ పేజీ దగ్గర మాత్రం సూది ఆగింది.

మంగళవారం ఒక పసుపు కట్ట వచ్చింది.
కార్కు మిల్లు కూలీల ఊపిరితిత్తులు.
పద్నాలుగో పట్టిక, ఇరవై ఏడో వరస:
పురుషుడు, యాభై మూడు,
బెరడు ఉడికించే గదిలో ముప్పై ఒక్క ఏళ్లు,
పొగ తాగే అలవాటు లేదు.
పేరు లేదు. పేరు రాయకూడదట.

మా అనీబాల్ పొగ తాగేవాడు కాదు.
తెల్లవారుజామున మంచం అంచున కూర్చుని
మూట మోస్తూ మెట్లెక్కుతున్నట్టు దగ్గేవాడు.
అతనే కావచ్చు. కాకపోవచ్చు.
ఆ గదిలో అంతమంది ఉడికారు.

అదే రోజు ఎరుపు కట్ట కూడా.
మిల్లు మూడుసార్లు పేరు మార్చుకున్నాక
ముసలి కూలీ దగ్గుకి బాకీ ఎవరు తీర్చాలి?
నాలుగు వందల పన్నెండో ఫుట్‌నోటు అంటుంది కదా,
"ఇందుకు వైద్యపరమైన ఆధారాలు లభించలేదు."

బాబూ, జానెడు దూరంలో ఉంది ఆధారం,
నా బల్ల మీదే,
జిగురు తడిగా.

లేత నీలం కట్టలో ఆ బూజు ఫోటోలున్నాయి,
వెయ్యింతలు పెద్దవి చేసి.
మంచు పట్టిన అల్లికలా ఉంది.
అంత అందంగా ఉండటం నాకు నచ్చలేదు.

ముగ్గురూ పైన ఒకే క్యాంటీన్‌లో
ఒకే క్యాబేజీ సూపు తాగి ఉంటారు.
ఉప్పు అందించుకునీ ఉంటారు.

రంగులు అంటుకుంటాయని
తడి పుస్తకాలను నేనెప్పుడూ కలిపి నొక్కను.
ఆ రాత్రి మూడింటినీ ఒకే ప్రెస్సులో పెట్టి
చక్రం బిగించాను, భుజం నొప్పెట్టేదాకా.
అంతకుముందే పసుపుదాని చివరి తెల్లకాగితం మీద
పెన్సిల్‌తో రాశాను:
ఎర్ర పుస్తకం, ఫుట్‌నోటు 412, దయచేసి చూడండి.
అక్షరదోషాలు ఉండే ఉంటాయి.

పొద్దున కితేరియా ఫల్కాతు వచ్చింది,
పసుపు పుస్తకం పిల్ల.
బంగారు అక్షరాల్లో తన పేరు రెండుసార్లు చదువుకుంది.
అంచున ఎర్ర మరక చూసి మొహం చిట్లించింది.
ఇదేమిటి?
న్యాయశాస్త్రం, అన్నాను.
నవ్వలేదు. రెండు యూరోలు తగ్గించమంది.
తగ్గించాను.

మెట్లెక్కి వెళ్లిపోయింది.
థీసిస్ చివరి కాగితం ఎవరు తిప్పుతారు గనుక!
పాచి పెరిగినట్టు, ఏడాదికి గోరంచంత
ఏదో ఒకటి కదలకపోతుందా అనుకున్నాను.
ఆ మాట మీద నాకే నమ్మకం చాల్లేదు.

ఎల్జియారియో గుమ్మంలో నిలబడ్డాడు, అయిందా అంటూ.
ఇంకా ఆరలేదు, కూర్చో బాబూ,
నీ దేవదూత చేతులు
ఇంకోసారి చూపించు.